సార్ కాన్ఫరెన్స్ నుంచి ఏం తెస్తారు?

ప్రతి సెమిస్టర్‌లో ఒకసారైనా ఈ మాట వింటాం: "ఇవాళ సార్ రారు, కాన్ఫరెన్స్‌కి వెళ్ళారు." ఆ గంట ఖాళీ దొరికిందని క్యాంటీన్ వైపు నడుస్తాం. మూడు రోజులకి సార్ తిరిగొస్తారు. చేతిలో ఒక కొత్త బ్యాగు, ఒక సర్టిఫికెట్. "అక్రెడిటేషన్ ఫైల్లోకి ఇంకో కాగితం" అని మనలో ఎవరో ఒకరు జోకేస్తారు.

కానీ కొన్నిసార్లు మర్నాడు క్లాసు తేడాగా నడుస్తుంది. సార్ బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, "రెండు నిమిషాలు ఎవరికి వాళ్ళు ఆలోచించండి. తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడండి" అంటారు. ఒకటో తరగతి నుంచి "మాట్లాడకండి" అనే వింటూ వచ్చిన మనకి ఇది వింతే. ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? నిజంగా పనిచేస్తుందా? రెండు వారాల్లో ఎందుకు మాయమైపోతుంది? అది నిలబడటంలో మన పాత్ర ఎంత? ఈ పాఠంలో ఒక్కొక్కటే చూద్దాం.

అక్కడ ఏం జరుగుతుంది?

చదువులో టెక్నాలజీ వాడకం గురించి ప్రత్యేకంగా జరిగే సదస్సులు చాలా ఉన్నాయి. అమెరికాలో 1979లో మొదలైన నేషనల్ ఎడ్యుకేషనల్ కంప్యూటింగ్ కాన్ఫరెన్స్ ఇప్పుడు ఐఎస్‌టీఈ పేరుతో ఏటా జరుగుతోంది. (మన కాలేజీల్లో చాప్టర్లు ఉన్న ఐఎస్‌టీఈ వేరు. అది ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్.) మన దేశంలో ఐఈఈఈ వారి 'టెక్నాలజీ ఫర్ ఎడ్యుకేషన్' సదస్సు ఉంది. అది 2012లో హైదరాబాద్‌లో, 2015లో వరంగల్‌లో జరిగింది. అంటే ఇది ఎక్కడో దూరాన జరిగే తంతు కాదు, మన ఊళ్ళకీ వచ్చి వెళ్ళింది.

సదస్సు ఏదైనా స్వరూపం ఇంచుమించు ఒకటే. పొద్దున ఒక పెద్ద ప్రసంగం, తర్వాత వేర్వేరు గదుల్లో పేపర్లు, మధ్యాహ్నం వర్క్‌షాపులు, వరండాలో పోస్టర్లు, పక్కన కంపెనీల స్టాళ్ళు. వీటన్నిటి మధ్యా టీ విరామాలు. చాలామంది టీచర్లకి అసలు సరుకు దొరికేది ఈ విరామాల్లోనే. "మీ క్లాసులో ఎంతమంది? మా దగ్గర డెబ్బై మంది. మరి మీరెలా చేశారు?" అని ఒక టీచర్ ఇంకో టీచర్ని అడిగే చోటు అది.

అక్కడి నుంచి టీచర్ తెచ్చేవి రెండు రకాలు. ఒకటి వస్తువు: కొత్త యాప్, స్మార్ట్ బోర్డు, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సు. రెండోది ప్రశ్న: "నేను చెప్పింది నిజంగా పిల్లలకి చేరుతోందా?" మొదటిది కంటికి కనిపిస్తుంది, ఫోటోల్లోకి ఎక్కుతుంది. రెండోది కనిపించదు. క్లాసుని మార్చేది మాత్రం ఆ రెండోదే.

వస్తువు ఒక్కటే ఎందుకు చాలదు?

సినిమా కొత్తగా వచ్చిన రోజుల్లో, 1913లో, థామస్ ఎడిసన్ బడుల్లో పుస్తకాలకి త్వరలోనే కాలం చెల్లుతుందని, అన్నీ సినిమాతోనే నేర్పవచ్చని చెప్పాడు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. ప్రతిసారీ అదే ఉత్సాహం, కొన్నేళ్ళకి అదే చల్లారడం. మూల గదిలో దుమ్ము పట్టిన ప్రొజెక్టర్ లేని కాలేజీ ఉందా?

1983లో రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి ఒక ఘాటైన మాట తేల్చాడు. పాఠాన్ని మోసుకొచ్చే సాధనం వల్ల చదువు పెరగదట. సరుకులు తెచ్చే లారీని మార్చినంత మాత్రాన మన ఒంటికి పట్టే బలం మారదు కదా, ఇదీ అంతే అన్నాడు. కూరగాయలు ఎడ్లబండి మీద వచ్చినా ఏసీ వ్యాన్‌లో వచ్చినా వంకాయ వంకాయే. ఈ వాదనతో విభేదించినవాళ్ళూ ఉన్నారు. కొన్ని సాధనాలు కొన్ని కొత్త పద్ధతులకి దారి తీస్తాయని వాళ్ళ మాట. అయినా మన వరకు ఒక సంగతి స్పష్టం. బోర్డు మీద రాసే నోట్సునే పీపీటీలో పెట్టి చదివితే మారింది లారీ ఒక్కటే.

మరి ప్రశ్న తెచ్చుకున్న టీచర్లు ఏం చేశారు? మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది: హార్వర్డ్‌లో ఒక ఫిజిక్స్ మాస్టారు

ముందు మీరే ఈ ప్రశ్నకి జవాబు అనుకోండి. ఒక లోడు లారీ, ఒక స్కూటర్ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. గుద్దుకున్న ఆ క్షణంలో ఏది దేని మీద ఎక్కువ బలం ప్రయోగించింది? లారీయా, స్కూటరా, లేక రెండూ సమానమా?

చాలామంది మనసు లారీ వైపే మొగ్గుతుంది. న్యూటన్ మూడో సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలం, అయినా లారీ అనే అనిపిస్తుంది. సరైన జవాబు: రెండూ సమానం. బలం సమానమే గానీ స్కూటర్ ద్రవ్యరాశి చాలా తక్కువ, కాబట్టి దాని త్వరణం చాలా ఎక్కువ. నుజ్జయ్యేది అందుకే.

సూత్రం నోటికి రావడం వేరు, అది మన ఆలోచనలో భాగం కావడం వేరు. ఈ తేడాని పట్టుకోడానికి అమెరికాలో హలూన్, హెస్టెనెస్ అనే ఇద్దరు ఇలాంటి మామూలు మాటల ప్రశ్నలతో ఒక పరీక్ష తయారు చేసి, 1985లో ఫలితాలు ప్రచురించారు. ఒక సెమిస్టర్ పాటు ఫిజిక్స్ పాఠాలు విన్న తర్వాత కూడా విద్యార్థుల పాత నమ్మకాలు పెద్దగా కదలలేదని తేలింది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లో ఆ వ్యాసాలు చదివాడు. ఆయనకి అప్పటికే మంచి లెక్చరర్ అని పేరుంది, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ బ్రహ్మాండంగా వచ్చేది. "మా పిల్లలు అలా ఉండరు" అనుకుంటూనే అదే పరీక్ష పెట్టాడు. అప్పుడు ఒక విద్యార్థిని లేచి అడిగిందట: ఇవి మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను మామూలుగా ఆలోచించే ప్రకారం రాయాలా అని. ఆయన నివ్వెరపోయాడు. ఫలితాలు కూడా ఆయన ఆశించినట్టు రాలేదు. కష్టమైన సర్క్యూట్ లెక్కలు చకచకా చేసేసిన వాళ్ళే, అదే సర్క్యూట్ గురించి ఒక్క మాటలో చెప్పాల్సిన సులువైన ప్రశ్న దగ్గర తడబడ్డారు.

ఆ పరీక్షలోని ఒక ప్రశ్నని బోర్డు మీద నిమిషాల తరబడి వివరించినా ముఖాల్లో వెలుగు కనపడలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక, మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు. క్లాసు సంతలా మారింది. రెండు మూడు నిమిషాల్లో చాలామందికి విషయం తెలిసిపోయింది! ఎందుకలా? ఇరవై ఏళ్ళ కింద నేర్చుకున్న మాస్టారు తను ఎక్కడ తట్టుకున్నాడో ఎప్పుడో మర్చిపోయాడు. నిన్ననే అర్థమైన పక్క బెంచీ వాడికి ఆ రాయి ఎక్కడుందో ఇంకా గుర్తుంది.

అందులోంచి పుట్టిన పద్ధతి పేరు పీర్ ఇన్‌స్ట్రక్షన్. పాఠం ముందే చదువుకుని రావాలి. క్లాసులో మాస్టారు ఒక ఆలోచింపజేసే ప్రశ్న ఇస్తారు. ఎవరికి వాళ్ళు జవాబు ఎంచుకోవాలి. దాదాపు అందరూ సరిగ్గా చెప్తే ముందుకి వెళ్తారు. చాలా తక్కువమంది చెప్తే మళ్ళీ వివరిస్తారు. సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, వేరే జవాబు ఎంచుకున్నవాళ్ళని వెతుక్కుని వాదించుకోమంటారు. తర్వాత మళ్ళీ ఓటు. తొలిరోజుల్లో దీనికి వాడింది అట్టముక్కల కార్డులు. రిమోట్ లాంటి క్లిక్కర్లు, ఫోన్లు తర్వాత వచ్చాయి. అంటే ముందు ప్రశ్న వచ్చింది, వస్తువు దాని వెనకాల నడిచింది.

మజూర్‌కి ఈ ఆలోచన సదస్సులో రాలేదు, ఒక జర్నల్ వ్యాసంతో వచ్చింది. కానీ అది ప్రపంచమంతా పాకడంలో సదస్సుల పాత్ర పెద్దది. తన పొరపాటుని తనే ఒప్పుకుంటూ ఆయన ఏళ్ళ తరబడి ఎన్నో వేదికల మీద ఇదే కథ చెప్పాడు. వింటున్న టీచర్లకి "నా క్లాసులో కూడా ఇంతేనేమో" అనే అనుమానం మొలిచింది. ప్రేరణ అంటే చప్పట్లు కొట్టించే ప్రసంగం ఒక్కటే కాదు. రాత్రి నిద్ర పట్టనివ్వని అనుమానం కూడా ప్రేరణే.

రెండోది: కొలరాడో కొండల్లో ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వుడ్‌ల్యాండ్ పార్క్ అనే చిన్న ఊరు. అక్కడి హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు. ఆటల పోటీలకి దూరం వెళ్ళాల్సి రావడంతో పిల్లలు తరచూ క్లాసులు పోగొట్టుకునేవాళ్ళు. వాళ్ళ కోసం 2007లో, కంప్యూటర్ తెర మీద స్లైడ్లని తమ గొంతుతో సహా రికార్డు చేసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. పాఠం వీడియోలో ఉన్నప్పుడు క్లాసు గంటని దేనికి వాడాలి? పిల్లలకి టీచర్ అవసరం నిజంగా పడేది పాఠం వినేటప్పుడా, లెక్క దగ్గర ఇరుక్కున్నప్పుడా? ఇరుక్కున్నప్పుడే కదా! కానీ మన పద్ధతిలో ఆ సమయానికి పిల్లవాడు ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. అందుకని తిరగేశారు: వినడం ఇంట్లో, చెయ్యడం క్లాసులో. దీన్నే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటున్నాం. ఆ అనుభవంతో వాళ్ళు రాసిన పుస్తకం 2012లో వచ్చింది. దాన్ని ప్రచురించిన సంస్థల్లో పైన చెప్పిన అమెరికా ఐఎస్‌టీఈ ఒకటి.

మనకి ఇందులో పాఠం ఉంది. 2003లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ వీడియోలు మన ఫోన్లలోనే ఉన్నాయి. మిడ్స్ ముందు రోజు రాత్రి రెండింతల వేగంతో చూసేవాళ్ళం కొదువ లేదు. అంటే వీడియోల కొరత మనకి లేదు. వీడియో చూశాక వచ్చిన సందేహం అడగడానికి ఒక గంట, ఒక మనిషి ఉండటమే కొరత.

మూడోది: ఐఐటీ బాంబేలో 450 మంది ఒకే హాల్లో

"హార్వర్డ్‌లో నడుస్తుంది, మన దగ్గర ఎలా?" అనే ప్రశ్న సహజం. దీనికి ఐఐటీ బాంబే నుంచి ఒక జవాబు ఉంది. అక్కడ మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ కోర్సులో ఒకే హాల్లో దాదాపు 450 మంది కూర్చుంటారు. ఆ క్లాసులో థింక్-పెయిర్-షేర్ అనే పద్ధతి వాడారు. 1981లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ చెప్పిన పద్ధతి ఇది. ముందు ఒంటరిగా ఆలోచించు, తర్వాత పక్కవాళ్ళతో కలిసి చెయ్యి, ఆ తర్వాత క్లాసంతటితో పంచుకో. అంతే.

అంత పెద్ద హాల్లో పక్కవాళ్ళతో మాట్లాడమంటే సినిమా కబుర్లు చెప్పుకోరా? పరిశోధకులు క్లాసులో కూర్చుని, ఎవరు ఏ క్షణంలో ఏం చేస్తున్నారో ఒక పద్ధతి ప్రకారం వారాల తరబడి నమోదు చేశారు. సగటున 83 శాతం మంది పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పనిలోనే ఉన్నారు. ఈ పేపర్‌ని 2013లో కంప్యూటింగ్ విద్యా పరిశోధన మీద జరిగే ఐసర్ సదస్సులో సమర్పించారు. దీనికి ఖరీదైన పరికరం ఏమీ అక్కర్లేదని గమనించండి. ఒక మంచి ప్రశ్న, ఒక గడియారం, రెండు తెల్లకాగితాలు చాలు.

ఆ ఐఐటీ బాంబే వాళ్ళే కేంద్ర ప్రభుత్వ పథకం కింద, దేశమంతటా కాలేజీల్లో రిమోట్ సెంటర్లు పెట్టి, ఒకేసారి వేల మంది లెక్చరర్లకి వీడియో ద్వారా వర్క్‌షాపులు నడిపారు. మన తెలుగు ప్రాంతాల కాలేజీలు కూడా అందులో రిమోట్ సెంటర్లుగా పాల్గొన్నాయి. విమానం ఎక్కకుండానే, తన జిల్లాలో కూర్చుని ఒక కొత్త ప్రశ్న వెంట తెచ్చుకునే వీలు అలా దొరికింది.

"తెలియనివాళ్ళు ఇద్దరు కలిస్తే ఏం నేర్చుకుంటారు?"

ఇది మన క్లాసుల్లో తరచూ వినపడే అభ్యంతరం. మంచి ప్రశ్నే. కొలరాడో విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ క్లాసులో దీన్ని సూటిగా పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక ప్రశ్న మీద చర్చ అయ్యాక, అదే సూత్రం మీద ఆధారపడిన ఇంకో ప్రశ్నకి ఎవరికి వాళ్ళు జవాబు చెప్పాలి. చర్చలో తెలివైనవాడి జవాబు కాపీ కొట్టి ఉంటే రెండో ప్రశ్న దగ్గర దొరికిపోవాలి. అలా జరగలేదు, రెండోదానికీ మెరుగ్గానే చెప్పారు. పైగా గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని చోట కూడా చర్చ సాయపడిందని వాళ్ళ విశ్లేషణలో తేలింది. కారణం చెప్పాల్సి వచ్చినప్పుడు మన తర్కంలోని చిల్లు మనకే కనపడుతుంది.

2014లో సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి చూశారు. వట్టి లెక్చర్ క్లాసుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులు చురుగ్గా పాల్గొనే క్లాసుల్లో 21.8 శాతం మంది ఫెయిలయ్యారు. వంద మందిలో పన్నెండు మంది తేడా. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఆ పన్నెండు మంది అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మనం జాగ్రత్తగా వినాల్సిన అధ్యయనం ఇంకొకటి ఉంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ విద్యార్థులని రెండు గుంపులు చేశారు. ఒకే పాఠాన్ని ఒక గుంపుకి అనర్గళమైన లెక్చర్‌గా, ఇంకో గుంపుకి ముందు తామే ప్రయత్నించే పద్ధతిలో చెప్పారు. తర్వాతి పాఠానికి గుంపులని తారుమారు చేశారు. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చింది తామే ప్రయత్నించినవాళ్ళకి. కానీ "ఎంత నేర్చుకున్నారు?" అని అడిగితే, లెక్చర్ విన్నవాళ్ళే ఎక్కువ నేర్చుకున్నట్టు భావించారు!

ఎందుకంటే మంచి లెక్చర్ వింటుంటే అంతా నున్నగా సాగిపోతుంది, ఆ నునుపునే అర్థం కావడం అనుకుంటాం. మనమే చేస్తుంటే తడబాటు, చిరాకు, "నాకేం రావట్లేదు" అనే భావన. నిజానికి ఆ తడబాటులోనే పని జరుగుతోంది. ఈత గురించి గట్టున కూర్చుని వింటే హాయిగానే ఉంటుంది. నీళ్ళు మింగేది కాలవలో దిగినవాడే, ఈత వచ్చేదీ వాడికే.

రెండు వారాల్లో ఎందుకు ఆగిపోతుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. సార్ కొత్త పద్ధతి మొదలుపెట్టారు. సిలబస్ ఐదు యూనిట్లు, రోజులు తక్కువ. బెంచీలు నేలకి బిగించి ఉంటాయి. చర్చ శబ్దం వరండాలోకి వస్తే "క్లాసులో గోల ఏమిటి?" అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే.

వీటికి తోడు ఇంకొకటి ఉంది, అది మన చేతిలో ఉన్నది. ప్రశ్న ఇవ్వగానే మనం ఫోన్ తీస్తాం. "సార్, మీరే చెప్పేయండి, నోట్స్ రాసుకుంటాం" అంటాం. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారంలో "సార్ పాఠం చెప్పట్లేదు, మమ్మల్నే చెయ్యమంటున్నారు" అని రాస్తాం. 2019 అధ్యయనం చెప్పిన భ్రమే అక్కడ మన చేత రాయిస్తుంది. ఆ ఫీడ్‌బ్యాక్ చదివిన టీచర్ మళ్ళీ ఆ ప్రయత్నం చేస్తారా? పాత పీపీటీ తెరిస్తే ఏ గొడవా ఉండదు. సదస్సు నుంచి మోసుకొచ్చిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. దాని నష్టం టీచర్‌కి కాదు, ఆ పన్నెండు మందికి.

అందుకే ఒక చిన్న ఒప్పందం ప్రతిపాదిస్తున్నాను. మన లెక్చరర్లలో ఎవరైనా ఇలాంటి ప్రయత్నం మొదలుపెడితే, నాలుగు వారాలు తీర్పు ఇవ్వకుండా పాల్గొందాం. ఒంటరిగా ఆలోచించే రెండు నిమిషాలూ నిజంగా ఆలోచిద్దాం. పక్కవాడి జవాబు అడిగేటప్పుడు "ఎంత వచ్చింది?" అని కాకుండా "ఎందుకు అలా అనుకున్నావు?" అని అడుగుదాం. తెలుగులోనే వాదించుకుందాం. కారణం సొంత మాటల్లో వస్తేనే విషయం వచ్చినట్టు. నాలుగు వారాలయ్యాక, ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో సార్‌కో మేడంకో ముఖాముఖి చెబుదాం. మొహమాటం ఉంటే సీఆర్ ద్వారా చెప్పిద్దాం.

అభ్యాసం

సదస్సు కోసం, సార్ కోసం ఆగకుండా హాస్టల్ గదిలో ఇవాళే మొదలుపెట్టడానికి మూడు ప్రశ్నలు. ముందు ఒంటరిగా ఒక జవాబు కాగితం మీద రాయండి. తర్వాత మీతో విభేదించే ఒకరిని వెతికి పట్టుకోండి. జవాబులు ఇక్కడ ఇవ్వడం లేదు, ఎందుకో ఈపాటికి మీకు తెలుసు.

1. ఒక 60 వాట్ల బల్బునీ ఒక 100 వాట్ల బల్బునీ (రెండూ పాతకాలం ఫిలమెంట్ బల్బులే) సీరీస్‌లో కలిపి ఇంటి కరెంటుకి పెట్టాం. ఏది ఎక్కువ వెలుగుతుంది?

2. రాత్రంతా ఒకే గదిలో ఉన్న స్టీలు గ్లాసు, చెక్క పీట. పొద్దున ముట్టుకుంటే గ్లాసు చల్లగా అనిపిస్తుంది. థర్మామీటర్ పెడితే దేని ఉష్ణోగ్రత తక్కువ?

3. చిన్న చెరువులో పడవ, పడవలో ఒక పెద్ద రాయి. రాయిని తీసి నీళ్ళలో పడేస్తే అది మునిగిపోయింది. చెరువులో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

మూడో ప్రశ్న మీద మీ గదిలో గొడవ అయితే, ఆ గొడవని రేపు ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసుకి తీసుకెళ్ళండి. పాఠం అయ్యాక "ఏవైనా సందేహాలున్నాయా?" అని అడిగి, రోజూ మౌనమే జవాబుగా అందుకునే మేడంకి, తేలని గొడవతో వచ్చిన ఇద్దరు విద్యార్థులు కనపడితే ఎలా ఉంటుందో చూడండి. ఆవిడకి ఆ రోజుకి ఏ కాన్ఫరెన్సూ అక్కర్లేదు.